ఐదుగురు సాక్షుల దుర్గం

రెక్కల పాము నీడ మీద పడగానే నాగవర్ధని గుర్రాన్ని కనుమ అంచుకు తిప్పింది. ఆ పాము అలాంటిలాంటిది కాదు. పడగ కోట తలుపంత వెడల్పు. రెక్క ఆడిస్తే కొండవాలు మీది గడ్డి నేలకు కరుచుకుపోతోంది. నోరు తెరిస్తే పసుపుపచ్చని పొగ వస్తోంది, ఆ పొగ తగిలిన చెట్టు నిలువునా ఎండిపోతోంది. మాంత్రికుడు జటాకంకాళుడు తన గుహకు కాపలా పెట్టిన జంతువది. గుహలో దూరినవాళ్ళను ప్రాణంతో వదిలే అలవాటు దానికి లేదు. దూరి బయటపడిన నాగవర్ధనికేమో అప్పుడు చచ్చే తీరిక లేదు.

ఆమె పింగళదేశపు రాజకుమార్తె. పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టుకున్న తమ్ముడు కీర్తిధరుణ్ణి జటాకంకాళుడు ఎత్తుకుపోతే వెతుక్కుంటూ బయలుదేరింది. ఆడపిల్ల ఒంటరిగా తిరుగుతోందంటే అడుగడుగునా అడ్డంకులే కదా. అందుకని జుట్టు తలపాగాలో దోపి, మీసం అతికించి, గుర్రాల వర్తకుడు నాగమల్లునని చెప్పుకు తిరుగుతోంది. నానా పాట్లూ పడి గుహ చేరితే, లోపల తెగిన సంకెళ్ళూ ఒక నిలువుటద్దమూ తప్ప పురుగు కూడా లేదు. ఆ అద్దంలో కీర్తిధరుడి బతుకంతా బొమ్మలుగా కదులుతోంది. చిన్ననాడు ఏనుగు మావటితో ఆడిన ఆటలూ, తండ్రి చేత తిన్న చీవాట్లూ, ఉద్యానవనంలో పువ్వు ముక్కుకు ఆనించి ‘ఆహా’ అంటూ కళ్ళు మూసుకోవడమూ, అన్నీ ఉన్నాయి. దొంగ మాంత్రికుడు తమ్ముడి గుట్టంతా వల్లె వేశాడన్నమాట. ఎందుకు వేశాడో ఆమెకు అర్థం కాలేదు. బయట మాత్రం ఇద్దరు మగవాళ్ళ అడుగుజాడలు కనుమ అవతలి ప్రత్యక్షదుర్గం వైపు పోతున్నాయి. తమ్ముడు తప్పించుకున్నాడు, వాడు వెంటపడ్డాడు. అంతవరకూ తెలిసింది చాలని ఆమె గుర్రమెక్కింది.

కనుమ దాటేసరికి దుర్గం కళ్ళెదుట నిలిచింది. ఎంత ప్రాణభయంలో ఉన్నా నాగవర్ధని ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. కొండ కొమ్మును చెక్కి కట్టిన కోట. గోడలకు పొదిగిన అభ్రకపు పలకలు ఎండకు తళతళమంటున్నాయి. బురుజుల మీద రాతిలో మలచిన ఒక కన్ను, ఒక చెవి, ఒక ముక్కు, ఒక నాలుక, ఒక అరచెయ్యి, ఒక్కోటి ఏనుగంత, బారులు తీరి నిలబడ్డాయి. కోట వెనకంతా లోయ. లోయ నిండా పొగమంచు, కాచిన పాల మీద నురగలా.

“తలుపు తీయండి. రెక్కల పాము తరుముకొస్తోంది,” అని ఆమె గొంతు చించుకుంది.

బురుజు మీదినుంచి తలారి తొంగిచూశాడు. బానపొట్ట మనిషి, మహా తీరుబడి మనిషి. దారి ఈ చివరనుంచి ఆ చివరకు తాపీగా చూసి, “మాకేం అగపడ్డం లేదు బాబూ,” అన్నాడు.

“మలుపు అవతల ఉంది.”

“అట్టయితే మలుపు తిరగనీ.”

ప్రత్యక్షదుర్గం వాళ్ళ తంతే అంత. తమ కంట పడనిదీ, చెవిని సోకనిదీ, ముక్కుకో నాలుకకో చేతికో అందనిదీ ఉందని వాళ్ళు ఒప్పుకోరు. ఒకరు చెప్పగా విన్న మాట వాళ్ళకు చప్పుడు కిందే లెక్క. పూర్వం వాళ్ళ రాజొకడు చెప్పుడు మాటలు విని, ఏ పాపమూ ఎరగని మంత్రి తల తీయించి, నిజం తెలిశాక కుమిలి కుమిలి ఈ కట్టడి చేసిపోయాడు. దాని పుణ్యమా అని ఆ ఊళ్ళో చాడీలు లేవు, పుకార్లు లేవు, జాతకాలు చెప్పి పొట్టపోసుకునేవాళ్ళు లేరు. ‘రేపు పొద్దున రా’ అని కూడా ఎవరూ అనరు. రేపటి పొద్దును చూసిందెవరు? ‘ఇంతదాకా పొడిచినట్టే పొడిస్తే రా’ అంటారు. నిజం చెప్పొద్దూ, అలాంటి ఊళ్ళో హాయిగా బతకొచ్చు, వెనకనుంచి పాము తరమనంత కాలం.

అంతలో పాము మలుపు తిరిగింది. తలారి మొహంలో తీరుబడి ఎటో ఎగిరిపోయింది. “అగపడింది,” అని ఒక్క కేక పెట్టాడో లేదో తలుపులు బార్లా తెరుచుకున్నాయి, బురుజు మీద ఇద్దరు మనుషులు లాగితే గానీ వంగని పెద్దవిల్లు వంగింది, ఈటెంత బాణం గాలిని కోసుకుంటూ పోయి పాము గొంతులో దిగబడింది. నాగవర్ధని గుర్రంతో సహా లోపలికి దూకింది. పాము గిలగిల కొట్టుకుంటూ కనుమలోకి దొర్లిపోయింది. గుర్రం తోక మీది కుచ్చు మాత్రం పొగ సోకి మాడి మసైంది. చూశాక ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయని మనుషులు, చూసేదాకా కొంప మునిగినా కదలరు. ఇదెక్కడి గోలరా నాయనా అనుకుంటూ ఆమె చెమట తుడుచుకుంది.

నువ్వెవరని తలారి అడిగాడు. గుర్రాల వర్తకుణ్ణి, పేరు నాగమల్లు అంది. గుర్రం అమ్ముతుండగా మేం చూడలేదే అన్నాడతను. కాసేపు ఆమె చుట్టూ తిరిగి, ‘తలపాగా చుట్టి, మీసం ఉన్నట్టు అగపడే ఒక మనిషి’ అని గట్టిగా చదివినట్టు పలికి లోపలికి వదిలాడు. మీసం ఉన్నట్టు అగపడే అన్న ముక్కకు ఆమెకు గుండె ఝల్లుమంది గానీ, అంతకు మించి అతను ఏమీ అనలేదు. లోకంలో మగవేషానికి ఇంత అనువైన ఊరు ఇంకొకటి ఉండదు.

కీర్తిధరుడనే పడుచువాడు ఈ పక్కకు వచ్చాడా అని ఆమె తలారిని అడిగింది. వచ్చాడన్నాడు. ఆమె ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే అతను అన్న మాటతో లేచిన ప్రాణం ఉన్నచోటే కూలబడింది. వచ్చింది ఒకరు కాదట, ఇద్దరట. ఒకే ముఖం, ఒకే గొంతు, ఒకే పేరు. పొద్దున్నే ఒకరి వెనక ఒకరు వచ్చి ఇద్దరూ పింగళదేశపు యువరాజును నేనేనన్నారట. ఇప్పుడు సభలో పరీక్ష జరుగుతోందట. అద్దంలో తమ్ముడి బతుకును మాంత్రికుడు ఎందుకు వల్లె వేశాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. గుర్రాన్ని అక్కడే వదిలేసి సభామండపానికి పరుగెత్తింది.

సభామండపం లోయ అంచున ఉంది. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు ఏమీ లేదు, అడుగు తీసి అవతల పెడితే పొగమంచులోకే. సింహాసనం మీద శంఖపాల మహారాజు కూర్చున్నాడు. తెల్లటి గడ్డం, బరువైన రెప్పలు, నెమ్మదైన గొంతు. ఆయన ఎదుట ఇద్దరు కీర్తిధరులు. ఆ ఉంగరాల జుట్టు, ఆ సన్నటి ముక్కు, కంగారు పడితే కింది పెదవి కొరుక్కునే ఆ అలవాటు. ఎడమవైపువాడు పెదవి కొరుక్కున్నాడు. కుడివైపువాడూ కొరుక్కున్నాడు. నాగవర్ధని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఇంద్రియానికొకరుగా ఐదుగురు సాక్షులు పరీక్షకు దిగారు. కంటిసాక్షి గాజు బిళ్ళ పెట్టి ఇద్దరి కనుబొమల వెంట్రుకలు చూశాడు. చెవిసాక్షి గుడ్డివాడు, ఇద్దరి చేతా పాట పాడించుకుని, ఛాతీకి చెవి ఆనించి గుండె చప్పుడు విన్నాడు. ముక్కుసాక్షి పొట్టి మనిషి, ఎగిరెగిరి ఇద్దరి చంకలూ వాసన చూశాడు. నాలుకసాక్షి నుదుటి చెమట నాకి చప్పరించి ఆలోచనలో పడ్డాడు. చర్మసాక్షి ముసలావిడ, కళ్ళకు గుడ్డ కట్టుకుని ఇద్దరి ముఖాలూ వేళ్ళతో తడిమింది. ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు తల అడ్డంగా ఊపారు. తేడా లేదు.

“ఐదింటా ఒకటైనది ఒకటే,” అన్నాడు మహారాజు. “ఒక మనిషికి రెండు దేహాలు అక్కర్లేదు. చీటీ తీయండి.”

ఆ దుర్గపు న్యాయం ఎక్కడికి పోయి తేలుతుందో నాగవర్ధనికి అప్పటికి గానీ తలకెక్కలేదు. తేడా కనిపించలేదు కాబట్టి తేడా లేదు. తేడా లేదు కాబట్టి ఎవరిని ఉంచినా ఒకటే, ఎవరిని పారేసినా ఒకటే. చీటీ ఎవరికి వస్తే ఆ దేహాన్ని పొద్దు వాలేలోగా లోయలోకి తోస్తారు. మిగిలినవాడికి ఐదుగురు సాక్షుల ముద్ర వేసిన పట్టా ఇచ్చి పింగళదేశానికి సాగనంపుతారు. ఆ ముద్ర ఉన్నవాణ్ణి కాదనే రాజ్యం భూమ్మీద లేదు. అంటే తమ్ముడి ప్రాణం చీటీ మీద ఆడుతోంది. తప్పు చీటీ వస్తే జటాకంకాళుడు తమ్ముడి ముఖంతో వెళ్ళి తమ్ముడి సింహాసనం ఎక్కుతాడు. ఈ లోయ సంగతి పక్కవాణ్ణి అడిగితే, రాయి వేస్తే చప్పుడు రాలేదు, పడినవాళ్ళు మళ్ళీ అగపడలేదు, అంతకు మించి మాకు తెలియదు అని చెప్పాడు.

ఆమె జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, తేడా తాను చూపిస్తానంది. చూపిస్తాననే మాట వింటే ఆ రాజు కాదనడు. సరే కానిమ్మన్నాడు.

మొదట ఆమె ఎవరికీ తెలియని సంగతులు అడిగింది. చిన్నప్పుడు ఏనుగుసాలలో దాచిన చెక్కకత్తి ఏమైంది? మావటివాడు పొయ్యిలో పెట్టాడు అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. తండ్రి చనిపోతూ ఏమన్నాడు? ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి, ఇద్దరూ ఒకే మాట చెప్పారు. అద్దం చూసి నేర్చుకున్నవాడి దగ్గర జ్ఞాపకాలు అడిగి లాభమేముంది? మాంత్రికుడికి తమ్ముడు చేసిందంతా తెలుసు, చూసిందంతా తెలుసు, అన్నదంతా తెలుసు.

అప్పుడామెకు తట్టింది. తెలియనిది ఒకటుంది.

కీర్తిధరుడికి వాసన తెలియదు. పసితనంలో పెద్దజ్వరం తగిలి ముక్కు చచ్చుబడింది. రాజయ్యేవాడికి విషం వాసన పట్టే ముక్కు లేదంటే మంత్రులు ఊరుకోరని భయపడి, వాడు ఆ సంగతి అక్కకు ఒక్కతెకే చెప్పి ఒట్టు వేయించుకున్నాడు. అప్పటినుంచీ పక్కవాళ్ళ మొహాలు చూసి ఆహా అనడమూ, ఛీ అనడమూ నేర్చుకున్నాడు. భోజనాల దగ్గర కూర పాడైతే అక్క చాటుగా కాలు గిల్లేది. అద్దంలో కనిపించేది పువ్వును ముక్కుకు ఆనించిన తమ్ముడు. ఆ ఆహా వెనక ఏమీ లేదన్నది అద్దానికి ఎక్కదు. ఒకడి ముక్కులో ఏం జరుగుతోందో ఏ అద్దం చూపిస్తుంది?

ఆమె ఉత్సాహం పట్టలేక గబగబా చెప్పేసింది. ఇప్పటిదాకా మీరు వీళ్ళను వాసన చూశారు, ఇక వీళ్ళ చేత వాసన చూపించండి అని. ముక్కుసాక్షి ఆనందం అంతా ఇంతా కాదు. జీవితంలో ఇలాంటి పరీక్ష చేయలేదంటూ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టి, వంటశాలకు పరుగెత్తి, మురిగిపోయిన కోడిగుడ్లు మూతగిన్నెలో పెట్టుకొచ్చాడు. ఇద్దరి కళ్ళకూ గంతలు కట్టారు. ఒకరి మాట ఇంకొకరికి వినపడకుండా దూరంగా నిలబెట్టారు. సభవాళ్ళంతా ముక్కులు మూసుకున్నారు.

గిన్నె మూత తీసి ముందు ఎడమవైపువాడి ముక్కు కింద పెట్టారు. వాడు డోకుతూ రెండడుగులు వెనక్కి గెంతి, ఎవడురా కుళ్ళు గుడ్డు పెట్టిందని తిట్టాడు. తర్వాత కుడివైపువాడి దగ్గరకు తెచ్చారు. పాపం, కళ్ళకు గంతలున్నాయి, చూసి నేర్చుకోవడానికి ఒక్క మొహం లేదు. అయినా అలవాటు ఊరుకుంటుందా? రాజసంగా గుండెల నిండా పీల్చి, “మొగలిపూవు. ఈ కాలంలో ఎక్కడ దొరికింది?” అన్నాడు.

సభ గొల్లున నవ్వింది. నాగవర్ధని గంతేసింది. వాడే, వాడే నా తమ్ముడు అని అరవబోయి, వేషం గుర్తొచ్చి ఆపుకుని, కుడివైపువాడే అసలు కీర్తిధరుడని చేయి చూపింది. తేడా తేలింది, ఇక భయం లేదనుకుంది. ఆ సంతోషం నిండా రెప్పపాటు కూడా నిలవలేదు.

మహారాజు చాలా సేపు గడ్డం నిమురుకున్నాడు. తర్వాత నెమ్మదిగా తీర్పు చెప్పాడు. తేడా తేలిన మాట నిజమే. ఒకడు ఉన్నదాన్ని ఉన్నట్టు పసిగట్టాడు. ఇంకొకడు గుడ్డును పువ్వన్నాడు. ఇంద్రియాలు సరిగ్గా ఉన్నవాడు మనిషి, అవి లేక మనిషిలా నటించేవాడే మాయ. కనుక కుడివైపువాణ్ణి లోయలో వేయండన్నాడు.

నాగవర్ధనికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. చీటీ అయితే సగమైనా ఆశ ఉండేది. ఆ సగాన్ని తన తెలివితో తనే ఊడ్చేసింది. అతనికి చిన్నప్పుడే వాసన పోయింది ప్రభూ అని ఆమె మొత్తుకుంది. అతని ముక్కుతో నువ్వు పీల్చి చూశావా అని ఆయన అడిగాడు. లేదంది. మరెలా తెలుసన్నాడు. అతనే చెప్పాడంది. అది చప్పుడన్నాడు.

భటులు గంతలు విప్పారు. కుడివైపువాడు ఆమె వైపు చూశాడు, ఆమె తలపాగానూ మీసాన్నీ చూశాడు, చూసి ఏమీ ఎరగనట్టు చూపు తిప్పుకున్నాడు. తర్వాత మహారాజు వైపు తిరిగి, ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్న మాటను నిండు సభలో బయటపెట్టాడు.

“నిజమే మహారాజా. నాకు ఏ వాసనా తెలియదు. మొగలిపూవు ఎలా ఉంటుందో కూడా తెలియదు. సిగ్గుపడి దాచాను.”

మహారాజు ముక్కుసాక్షి వైపు తిరిగి నీకేం తెలుస్తోందని అడిగాడు. ఆ పొట్టి మనిషి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. “నా ముక్కు తీసి అతని మొహానికి పెట్టలేను కదా ప్రభూ. నాకు తెలియదు,” అన్నాడు. అంతే, భటులు కుడివైపువాడి రెక్కలు విరిచి పట్టుకున్నారు.

అప్పుడు ఎడమవైపువాడు అన్నాడు, “అక్కా.”

ఆ పిలుపు అచ్చం తమ్ముడి పిలుపే. కళ్ళ నిండా నీళ్ళు. నన్ను కాదని ఆ మాయలమారిని పట్టుకు వేలాడతావా అక్కా, నాకు జ్వరం విడిచిన చాన్నాళ్ళకు వాసన మెల్లగా తిరిగొచ్చింది, నువ్వు గిల్లడం మానేస్తావేమోనని చెప్పలేదు, వాడు ఆ గిల్లుళ్ళు అద్దంలో చూసి కనిపెట్టి నటిస్తున్నాడు అన్నాడు. గిల్లుళ్ళు అద్దంలో ఉంటాయి, నిజమే. జ్వరం పోగొట్టింది మళ్ళీ రాకూడదని ఎక్కడా లేదు, అదీ నిజమే. పువ్వు వాసన తెలిసినవాడిలా నటించడం తమ్ముడికి వస్తే, తెలియనివాడిలా నటించడం మాంత్రికుడికి రాదా? వీడు తమ్ముడా, వాడు తమ్ముడా? ఇంత దగ్గరగా పెరిగిన తనకే తెలియలేదే.

ఆమె తలపాగా లాగి పారేసింది. జుట్టు వీపంతా పరుచుకుంది. మీసం పీకేసింది. నేను పింగళదేశపు నాగవర్ధనిని, కీర్తిధరుడి అక్కను అంది. మాకు జుట్టు అగపడింది, అక్కతనం అగపడలేదు అన్నాడు కంటిసాక్షి, వెటకారానికి కాదు, అతనికి కనిపించింది అంతే మరి.

భటులు కుడివైపువాణ్ణి అంచుకు ఈడ్చుకుపోతున్నారు. వాడు పెనుగులాడటం లేదు. వెనక్కి తిరిగి ఆమె కాళ్ళ వైపు చూశాడు, ఆ రాళ్ళు జారుతున్నాయి అంచుకు రాకు అని తల ఊపి సైగ చేశాడు. ఎడమవైపువాడు ఇంకా అక్కా అక్కా అని ఏడుస్తూనే ఉన్నాడు. అంచుకు రాకు అని వాడు మాత్రం ఒక్కసారీ అనలేదు. అది రుజువా? కాదు. ఏ సాక్షీ దాన్ని ఒప్పుకోడు. ఆమె మాత్రం కత్తి దూసి పరుగెత్తింది.

ఒక భటుడు ఈటె అడ్డం పెట్టాడు, దాన్ని రెండు ముక్కలు చేసింది. ఇంకొకణ్ణి భుజంతో గుద్ది కింద పడేసింది. ఎడమవైపువాడి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఆమె కుడివైపువాడి చెయ్యి దొరకబుచ్చుకుంది. చుట్టూ ఈటెలు మూగాయి. వెనక పొగమంచు తప్ప ఏమీ లేదు.

“ఆగండి,” అన్నాడు మహారాజు. “అమ్మాయీ, ఇతను నీ తమ్ముడని నీకు తెలుసా?”

ఆ సభలో అబద్ధం చెబితే సాగేదేమో, కానీ ఆమెకు చెప్పబుద్ధి కాలేదు.

“తెలియదు,” అంది. “నమ్ముతున్నాను.”

ఆ మాట ఆ సభ విని ఎన్నేళ్ళయిందో ఏమో, ఐదుగురు సాక్షులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుని లోయలోకి దూకింది.

పడుతున్నారు. గాలి చెవుల్లో హోరుమంటోంది. పొగమంచు తెల్లగా, చల్లగా, కళ్ళకేమీ ఆనకుండా మింగేసింది. పక్కన ఉన్నవాడి మొహం కూడా కనిపించడం లేదు, చెయ్యి మాత్రం ఉంది. వాడేదో అరుస్తున్నాడు, గాలికి మాట తెగిపోతోంది. పడుతూనే ఉన్నారు. ఇక రాయి తగులుతుంది, ఇక తగులుతుంది అని నాగవర్ధని పళ్ళు బిగబట్టింది.

ఉన్నట్టుండి మంచు విడిపోయింది. కింద దీపాలు. ఒకటీ అరా కాదు, ఊరంత దీపాలు. ఎవరో కేకలు వేస్తున్నారు. “ఇటు లాగండి, ఇటు. ఇవాళ ఇద్దర్రోయ్.” అంతలోనే ఇద్దరూ మెత్తగా దేనిమీదో పడి, ఎగిరి, మళ్ళీ పడి, ఒకరి మీద ఒకరు దొర్లారు. నారతో అల్లిన పెద్ద వల అది. దాని అంచులు పట్టుకుని ఆడా మగా నిలబడ్డారు, కండలు తిరిగిన చేతులతో, ఈ పనికి ఆరితేరినవాళ్ళలా. రాయి వేస్తే చప్పుడు ఎందుకు రాదో ఆమెకు తెలిసిపోయి, ఆ గుండెదడలోనూ ఫక్కున నవ్వొచ్చింది.

“అక్కా, దెబ్బ తగిలిందా?” అన్నాడు కీర్తిధరుడు. ఆమె వాడి తల నిమిరి, వీపు నిమిరి, మళ్ళీ తల నిమిరి, బతికున్నావురా అని వాణ్ణి వాటేసుకుని ఏడ్చింది.

వల కొస పట్టుకున్న ఒక ముసలాయన వంగి చెయ్యి అందించాడు. దీపం వెలుగు ఆయన మొహం మీద పడింది. నాగవర్ధని చెయ్యి గబుక్కున కత్తికోసం తడుముకుంది. తెల్లటి గడ్డం, బరువైన రెప్పలు, నెమ్మదైన ఆ చూపు. ఇప్పుడే పైన సింహాసనం మీద కూర్చుని తమ్ముణ్ణి లోయలో వేయమన్న మొహమే అది.

“భయపడకు తల్లీ,” అన్నాడాయన. “నా పేరు శంఖపాలుడు. మేమూ ఒకనాడు ఇద్దరం అయ్యాం. ఐదుగురూ చూశారు, తేడా లేదన్నారు. చీటీ నాకు వచ్చింది.”

వల పట్టుకున్నవాళ్ళ మొహాలన్నీ ఆమె వైపే తిరిగాయి, పైనుంచి వచ్చినవాళ్ళ కబురు కోసం. ముసలాయన గడ్డం నిమురుకుంటూ పొగమంచు వైపు తలెత్తి చూశాడు.

“పైనున్నతను మా జనాన్ని బాగా చూసుకుంటున్నాడా?” అని అడిగాడు.